సీడెడ్‌లో కూర్చుని ప్రపంచాన్ని ఆడటం

కొత్త సినిమా విడుదలైన మర్నాడు వసూళ్ల లెక్కలు చూసేవాళ్లకు నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అన్న మాటలు కంఠతా వచ్చు. సీడెడ్ అంటే రాయలసీమ అని అందరికీ తెలుసు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలామంది ఆలోచించరు. 1800 అక్టోబరులో హైదరాబాద్ నిజాం, తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు పటాలాల ఖర్చు కింద తుంగభద్రకు దక్షిణాన ఉన్న నేలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. సీడెడ్ అంటే ఇచ్చేసినది. తెలుగులో దత్తమండలాలు అన్నారు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు పెట్టేదాకా మనకు అదే పేరు. సినిమా పత్రికల్లో ఇచ్చినవాడి పేరూ, ఇచ్చేసిన నేల పేరూ ఇప్పటికీ పక్కపక్కనే అచ్చవుతున్నాయి.

యూరోపా యూనివర్సాలిస్ 4 అనే కంప్యూటర్ ఆటలో యుద్ధం ముగిశాక ఒప్పందపు తెర ఒకటి వస్తుంది. ఓడిన రాజ్యం పటం కళ్లముందు ఉంటుంది. ఏ సీమ కావాలో దాని మీద మౌస్ నొక్కాలి. నాలుగైదు నొక్కులకు ఒక దత్తమండలం తయారవుతుంది. విజయనగరంగా ఆడుతూ మొదటిసారి ఆ తెర చూసినప్పుడు ఉత్సాహంగా మూడు సీమలు తీసుకున్నాను. ఆ రాత్రి పడుకున్నాక తట్టింది: దత్తమండలాల్లోని మా ఆదోని చరిత్రలో ఎన్నడూ ఆ కుర్చీలో కూర్చోలేదు, ఎప్పుడూ మౌస్ కిందే ఉంది. ప్రపంచ రాజ్యాల్ని నడిపించే ఈ పెద్ద ఆటల మీద ఇరవై ఏళ్లుగా చాలా చర్చ నడిచింది. అవి చరిత్ర నేర్పుతాయా, రాజనీతి నేర్పుతాయా, లేక కాలం తినేస్తాయా అని. ఆ చర్చనంతా ఆదోని, ఎమ్మిగనూరుల మట్టిలో నిలబెట్టి ఒకసారి చూడాలని ఈ ప్రయత్నం. ఆట ఎంత నిజం అని అడిగితే రాజధానిలో ఒక జవాబు వస్తుంది, సీమలో ఇంకో జవాబు వస్తుంది. నాకు సీమలో వచ్చే జవాబే అసలు పరీక్ష.

ముందు ఈ ఆటల పుట్టుపూర్వాలు క్లుప్తంగా. 1985లో క్రిస్ క్రాఫర్డ్ 'బ్యాలెన్స్ ఆఫ్ పవర్' చేశాడు. అమెరికా, సోవియట్ల మధ్య బెదిరింపుల ఆట అది. తెగేదాకా లాగితే అణుయుద్ధం వస్తుంది. అప్పుడు పేలుళ్ల బొమ్మలేవీ చూపించకుండా, ఓటమికి బహుమానం ఇవ్వబోమని చెప్పి తెర నల్లబడుతుంది. 1991లో సిడ్ మైయర్ 'సివిలైజేషన్' వచ్చింది. ఫిలిప్ తిబో 1993లో బల్ల మీద ఆడే ఆటగా తెచ్చిన యూరోపా యూనివర్సాలిస్‌ను స్టాక్‌హోమ్‌లోని పారడాక్స్ సంస్థ 2000లో కంప్యూటర్‌కు ఎక్కించింది. అక్కణ్ణుంచి ఒక వంశమే నడిచింది. 2013 నాటి నాలుగో భాగం 1444 నవంబరు 11న మొదలవుతుంది. హంపీలో రెండవ దేవరాయలు ఇంకా బతికి ఉన్నాడు. 'విక్టోరియా 3' కథ 1836 నుంచి 1936 దాకా. 'హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4' రెండో ప్రపంచయుద్ధం. 2025 నవంబరులో వచ్చిన యూరోపా ఐదో భాగం 1337లో మొదలవుతుంది, అంటే విజయనగరం పుట్టిందని చెప్పుకునే 1336 గడిచిన మరుసటి ఏడు.

వీటిలో గెలుపు అనేది గట్టిగా గీసిన గీత కాదు. వందలాది రాజ్యాలు ఒకేసారి కదులుతుంటాయి. మీరు ఒకదాన్ని పట్టుకుంటారు, మిగతావాటిని కంప్యూటర్ నడుపుతుంది. అప్పుకు వడ్డీ, సైన్యానికి జీతం, వారసుడు లేని రాజు, అల్లుడి హక్కు, పొరుగువాడి అసూయ, అన్నిటికీ లెక్క ఉంటుంది. నేర్చుకోవడానికే పదుల గంటలు పడుతుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు. వదలనివాళ్లకు దక్కేది మాత్రం పెద్దది, దాన్ని తక్కువ చేసి చెప్పలేను.

మచ్చుకు ఒక్కటి. యూరోపాలో పొరుగు భూములు వరసగా లాక్కుంటూ పోతే చుట్టుపక్కల వాళ్లందరికీ మీ మీద కోపం పేరుకుంటుంది. నిన్నటిదాకా ఒకరినొకరు చంపుకున్నవాళ్లు ఒక రోజు కూటమి కట్టి మీద పడతారు. రాక్షసి–తంగడి యుద్ధాన్ని బడిలో రెండు సార్లు చదివాను. అళియ రామరాయలు బహమనీ వారసుల్ని ఒకరి మీదికి ఒకరిని ఎగదోసి దశాబ్దాల పాటు నెగ్గుకొచ్చి, 1565లో వాళ్లను తన మీద ఏకం చేసుకోవడం ఎలా జరిగిందో పాఠం చెప్పినా తలకెక్కలేదు. ఆటలో నా చేత్తో నేనే ఆ తప్పు చేసినప్పుడు ఎక్కింది. ఒక్కో నిర్ణయమూ ఆ పూటకు తెలివైనదిగానే కనిపించింది, కలిపి చూస్తే నాశనం. ఆ యుద్ధం తర్వాత కొన్నేళ్లకే విజయనగరపు గట్టి దుర్గాల్లో ఒకటైన ఆదోని బిజాపూరు చేతికి పోయింది.

కాబట్టి రాజు కుర్చీలోంచి చూస్తే ఈ ఆట నిజానికి చాలా దగ్గర. ఇప్పుడు కిందికి దిగుదాం.

1786 ఎండాకాలం చివర టిప్పు సుల్తాన్ ఆదోనిని ముట్టడించాడు. కోటలో ఉన్నది నిజాం అలీ తమ్ముడైన బసాలత్ జంగ్ కుటుంబం. బసాలత్ జంగ్ 1782లోనే పోయాడు, కొడుకు మహబత్ జంగ్ పహరా కాస్తున్నాడు. నిజాం సేనలూ మరాఠాలూ కలిసి విడిపించడానికి వచ్చారు. టిప్పు వెనక్కి తగ్గాడు కూడా. లెక్క ప్రకారం కోట నిలిచినట్టే. కానీ తుంగభద్ర పొంగే రోజులు దగ్గరపడ్డాయి. నది నిండితే కోటలో ఉన్నవాళ్లకు ఉత్తరపు ఒడ్డు నుంచి తిండిగింజ రాదు. అందుకని వచ్చిన సైన్యం కుటుంబాన్ని వెంటబెట్టుకుని నది దాటి వెళ్లిపోయింది. విడిచిపెట్టిన కోటను టిప్పు తీసుకుని దాని కట్టడాలు పడగొట్టించాడు. ఆ పైన వరద ఉధృతంగా ఉన్నప్పుడే పుట్టీల మీదా తెప్పల మీదా తన సైన్యాన్ని అవతలికి చేర్చి, అది అసాధ్యమని నమ్మిన మరాఠాల్ని దిగ్భ్రాంతులను చేశాడు. ఆ ఏడు దక్కన్ రాజకీయాన్ని నడిపింది నది. ఎవరు ఎప్పుడు ఏ ఒడ్డున ఉన్నారన్నదే అన్నిటినీ తేల్చింది.

యూరోపా 4లో నదికి ఉన్న విలువ ఎంతో చెబుతాను. నది దాటి పోరాడేవాడికి పాచికలో ఒకటి తగ్గుతుంది, అంతే. వానాకాలంలో సైన్యానికి అదనపు నష్టం లెక్కలో ఉంది, భారతదేశం మీద దృష్టి పెట్టిన 'ధర్మ' అనే అనుబంధం కూడా 2018లో వచ్చింది. అయినా మంత్రాలయం దగ్గర ఆషాఢంలో తుంగభద్రను చూసినవాడెవడూ దాన్ని ఒకటి తక్కువ అని రాయడు. ఎండాకాలంలో మోకాలి లోతున నడిచిపోయే ఏరు, నెల తిరిగేసరికి రెండు రాజ్యాల మధ్య గోడ. ఈ కాలభేదం పటంలో లేదు. యూరప్ నదుల కోసం రాసిన సూత్రం మన నదికి తొడిగారు.

ఆదోని ముట్టడి ఇంకొకటి ఉంది, దాన్ని ఏ సూత్రమూ పట్టుకోలేదు. బిజాపూరు పడిపోయాక సిద్ది మసూద్ ఖాన్ ఆదోనిలో స్వతంత్రంగా నిలబడ్డాడు. ఇప్పటికీ ఊరి నడుమ ఉన్న జామియా మసీదు ఆయన కట్టించిందే. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ కోటను చుట్టుముట్టాడు, ఈయన మొదటి నిజాం తండ్రి. ఆటలో అయితే ముప్పై రోజులకోసారి పాచిక పడుతుంది, ఫిరంగులు ఎక్కువుంటే అంకె పెరుగుతుంది, చివరికి కోట తలుపులు తెరుచుకుంటాయి. ఆదోనిలో చెప్పుకునే కథ వేరు. మసూద్ ప్రాణం కంటే మసీదును ఎక్కువగా చూసుకుంటాడని తెలిసి సేనాని ఫిరంగుల్ని దానివైపు తిప్పించాడట. మసీదు కూలకూడదని మసూద్ కోటను అప్పగించాడట. మొఘలులు ఊరికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు, అది నిలవలేదు, మసీదు నిలిచింది. కథ అక్షరాలా జరిగిందో లేదో చరిత్రకారులు తేలుస్తారు. ఊరు దాన్ని మూడు వందల ఏళ్లుగా దాచుకుందంటే, ఒక కోట ఎందుకు లొంగుతుందన్న విషయంలో ఊరికి ఒక అభిప్రాయం ఉందని అర్థం. నాకు ఆ అభిప్రాయం పాచిక కంటే విలువైనది.

పత్తి దగ్గరికి వస్తే ఆట మళ్లీ తలెత్తుకుంటుంది. ఈ సమీక్షలో నేను నిండుగా మెచ్చుకునేది ఇక్కడే. విక్టోరియా 3లో ప్రతి సరుకుకూ అంగడి ధర ఉంటుంది. పత్తి తోటల నుంచి బట్టకు కావలసిన ముడిసరుకు, దాని నుంచి మిల్లులో దుస్తులు, వాటిని కొనే జనం, వాళ్ల కూలి, ఇదంతా ఒక గొలుసు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగితే భూగోళం ఇవతల ధర లేస్తుంది. 1861 నుంచి 1865 దాకా సరిగ్గా అదే జరిగింది. లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి అందక భారతదేశపు పత్తికి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. బళ్లారి జిల్లా నల్లరేగడి పొలాల దాకా ఆ వేడి తగిలింది, అప్పుడు ఆదోని ఆ జిల్లాలోదే. యుద్ధం ఆగింది, ధర పడింది. 1871లో మద్రాసు నుంచి రాయచూరుకు రైలుదారి పూర్తయింది, అది ఆదోని మీదుగానే పోతుంది. రెండో బొంబాయి అని పిలిపించుకున్న ఊరి కథకు వెన్నెముక ఈ రైలూ ఈ పత్తీ. యార్డులో ఇవాళ క్వింటాలు ధర పలికేటప్పుడు ఏ దేశంలో పంట ఎట్లుందని దళారులు మాట్లాడుకుంటారో, ఆ మాటల వెనకున్న యంత్రాన్ని విక్టోరియా 3 తెర మీద విప్పి చూపిస్తుంది. ఇంత స్పష్టంగా చూపించిన పాఠ్యపుస్తకం నా చేతికి రాలేదు.

ఆ వెంటనే 1876–78 కరువు. దక్కన్ అంతా, మద్రాసు రాజధానిలో ముఖ్యంగా బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అందులో కాలిపోయాయి. రైలు ఉంది. రైలులో ధాన్యం కూడా వచ్చింది. కొనడానికి జనం చేతిలో డబ్బు లేదు. సహాయపు పనుల్లో మగ కూలికి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా చాలని వైస్రాయి ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయించాడు. అది బతకడానికి చాలదని మద్రాసు ప్రభుత్వంలోని వైద్యాధికారి కార్నిష్ మొత్తుకున్నాడు. విక్టోరియా 3కు 2024 నవంబరులో భారతదేశం కోసం ప్రత్యేకంగా వచ్చిన 'పివట్ ఆఫ్ ఎంపైర్' అనుబంధం, దాంతో వచ్చిన మార్పులు కరువునూ తిండి కొరతనూ ఆటలోకి తెచ్చాయి. మంచి పనే. తిండి ధర పెరుగుతుంది, జీవన ప్రమాణం అనే అంకె దిగుతుంది, జనాభా తగ్గుతుంది, అసంతృప్తి పెరుగుతుంది. కానీ ఆడేవాడి దగ్గరికి అది కబురుగా వస్తుంది, అదీ ఖజానాకు నష్టం కబురుగా. టెంపుల్‌కు కనిపించింది కూడా సరిగ్గా ఆ అంకెలే. ఆట తన ఆటగాణ్ణి టెంపుల్ బల్ల ముందు కూర్చోబెట్టిందే గాని కార్నిష్‌ను ఎదుట నిలబెట్టలేదు. నిలబెట్టడం సాధ్యమేనని నేను నమ్ముతాను: ఎదురు చెప్పే అధికారి, అతని మాట పెడచెవిన పెడితే పేరుపేరునా వచ్చే పల్లెల జాబితా.

పాలన గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఆటలో మంచి అధికారి అంటే ఒక అంకె పెరగడం. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఉండి పాలెగాళ్లను అణచి రైతువారీ పద్ధతిని నిలబెట్టిన మన్రో, గవర్నరయ్యాక కూడా ఈ పల్లెల్లో తిరుగుతూ 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. అంకెకు కలరా రాదు.

ఎమ్మిగనూరు ఈ ఆటలకు పెట్టే ప్రశ్న ఇంకా లోతైనది. విక్టోరియా 3లో బట్టల తయారీకి పద్ధతులు మెట్లు మెట్లుగా ఉంటాయి. చేతిపని అట్టడుగు మెట్టు. పరిజ్ఞానం పెరిగేకొద్దీ పై మెట్టుకు ఎక్కాలి. ఎక్కకపోతే పొరుగు దేశం చవక సరుకు ముంచేస్తుంది. చేతిమగ్గం ఆ తర్కంలో దాటిపోవలసిన దశ. అయితే 1938లో, మిల్లు బట్ట అంగడినంతా కమ్ముకున్న కాలంలో, మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార ఉత్పత్తి, అమ్మకాల సంఘాన్ని నెలకొల్పారు. సంఘం నూలు ఇస్తుంది, నేసిన బట్ట తీసుకుంటుంది, అమ్ముతుంది. సాహుకారి దగ్గర నూలు అప్పు తెచ్చి అతనికే బట్ట ఇచ్చే చక్రం నుంచి నేతగాడు బయటపడటానికి ఒక తోవ. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు దూరాలు పోయాయి, సోమప్ప గారికి పద్మశ్రీ వచ్చింది. ఊళ్లో ఆయన పేరిట సర్కిల్ ఉంది.

ఇదే ఆటలో సహకార యాజమాన్యం అనే చట్టం కూడా ఉంది. దాన్ని తేవాలంటే రాజ్యాంగమే మారాలి, దేశమంతా ఒక్కసారిగా మారుతుంది. పరాయి పాలనలో ఒక మూల తాలూకాలో, పడుగూ పేకా తెలిసిన మనుషులు, ఏ చట్టం కోసమూ కాచుకోకుండా తమంతట తాము ఒక సంఘం పెట్టుకుని నిలబడటానికి ఆ ఆటలో బొత్తామే లేదు. చరిత్రలో మార్పు పైనుంచి కిందికే వస్తుందన్న నమ్మకం ఈ ఆటల యంత్రంలోనే ఉంది. చేసినవాళ్లది దురుద్దేశం అనను. కుర్చీ అక్కడ వేశారు కాబట్టి అటు నుంచే కనిపిస్తుంది.

ఈ విషయాన్ని విద్వాంసులు గుర్తించకపోలేదు. అమెరికన్ చరిత్రకారుడు బ్రెట్ డెవరో 2021 నుంచి పారడాక్స్ ఆటల మీద వరసగా రాశాడు. విద్యార్థులు తన తరగతికి ఈ ఆటలు ఆడి వస్తున్నారు గనక వాటిలో ఏ చరిత్ర సిద్ధాంతం దాగి ఉందో ఉపాధ్యాయులు తెలుసుకోవాలన్నది ఆయన వాదం, అది నాకు నచ్చింది. మన దేశం నుంచి సౌవిక్ ముఖర్జీ 2017లో వీడియో ఆటలూ వలసపాలనానంతర దృష్టీ కలిపి ఒక పుస్తకమే రాశారు. పటం గీసేవాడి చూపు, ఖాళీ స్థలంగా కనిపించే పరాయి నేల, ఏలుబడి కిందున్నవాడు అదే ఆటను తిరగేసి ఆడటం, ఇవి ఆయన పట్టుకున్న విషయాలు. వీళ్లకంటే ముందు కర్ట్ స్క్వయర్ 2004లో బడిపిల్లల చేత సివిలైజేషన్ 3 ఆడించి పరిశోధన చేశాడు. చాలామందికి అది కష్టమనిపించింది, కొందరు మానేశారు. నిలబడ్డవాళ్లలో నల్లజాతి పిల్లలు కొందరు ఆఫ్రికా తెగలుగానో, అమెరికా మూలవాసులుగానో ఆడి, వలసపాలన రాకుండా ఉండాలంటే ఏం జరిగి ఉండాలో వెతికారు. పాఠం పట్ల ఆసక్తి లేని పిల్లలు భూగోళం పుస్తకం తీశారు. ఇది చదివినప్పుడు మా జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలే కళ్లముందు మెదిలారు.

మరి ఆ పిల్లల దాకా ఈ ఆటలు వస్తున్నాయా? చాలా తక్కువ. ఇక్కడ ఆట అంటే ఫోన్‌లో ఆట. ఈ పెద్ద ఆటలకు మంచి కంప్యూటర్ కావాలి, ఆ మీద ఒకదాని తర్వాత ఒకటిగా అనుబంధాలు కొనాలి. అన్నిటికంటే పెద్ద అడ్డు భాష. ఇవి నిజానికి చదివే ఆటలు, తెర నిండా అక్షరాలే. చైనీసులో, కొరియన్‌లో, పోలిష్‌లో ఉంటాయి గాని తెలుగులో లేవు. యూరోపా 4 అయితే యూరప్ లిపుల కోసం చేసిన బొమ్మ అక్షరాలతో నడుస్తుంది, మన ఒత్తులూ గుణింతాలూ అందులో ఇమడవు. పెద్దవాళ్ల అనుమానం ఒకటి. ఆన్‌లైన్ పేకాటలో ఇళ్లు కూలడం చూశారు, 2020లో రాష్ట్రం రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పందేల ఆటల్ని మిగతా ఆటల నుంచి వేరు చేసింది. ఇంట్లో మాత్రం ఆ తేడా ఇంకా రాలేదు. పటం ముందు కూర్చుని వడ్డీ లెక్కలు వేసుకుంటున్న పిల్లవాడూ పందెం కాస్తున్నవాడూ తల్లికి ఒకేలా కనిపిస్తారు. ఆమె భయంలో తప్పు లేదు. గంటల కొద్దీ కాలం పోతుందన్నదీ నిజమే. ఆ గంటల్లో ఏం దొరుకుతుందో ఆమెకు తన భాషలో చూపించగలగాలి.

చూపించే దారి ఒకటి తెరిచే ఉంది. యూరోపా 4లో ప్రతి సీమకూ మామూలు అక్షరాల్లో ఒక చిన్న ఫైలు ఉంటుంది, ఎవరైనా తెరిచి మార్చుకోవచ్చు. యజమాని ఎవరు, సంస్కృతి ఏది, మతం ఏది, పండే సరుకు ఏది, పన్ను ఎంత, సైనికులు ఎందరు. కింద తేదీలవారీగా యజమాని మారిన వరుసలు. ఆదోని ఫైలును నేనూ రాయడం మొదలుపెట్టాను. విజయనగరం. తర్వాత బిజాపూరు. 1688 మొఘల్. ఆపైన నిజాం. 1786 మైసూరు. మళ్లీ నిజాం. 1800 కంపెనీ. ఆట 1821లో ఆగిపోతుంది గాని నేను ఆపలేదు: 1953 అక్టోబరు 1, ఆంధ్ర రాష్ట్రం, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి నుంచి విడివడ్డ రోజు. ఆదోని జిల్లా కావాలన్న కోరిక ఇప్పటికీ నడుస్తోంది గనక ఫైలుకు అడుగున చోటు వదిలాను.

యజమానుల వరుస అయ్యాక, ఆటలో లేని వరుసలు రాస్తున్నాను. శ్రావణంలో తుంగభద్ర ఎన్ని రోజులు దాటరాకుండా ఉంది. ఎమ్మిగనూరులో ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయి, నూలు ఎవరి దగ్గర తెస్తున్నారు. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, బేరంలో ఉర్దూ మాట్లాడే మనిషిని ఏ సంస్కృతి కింద రాయాలి. కోసిగి, మంత్రాలయం, ఎమ్మిగనూరు, ఆదోని పల్లెల నుంచి సుగ్గికి, అంటే గుంటూరు వైపు పత్తి తీతకూ మిరప కోతకూ పిల్లల్ని వెంటబెట్టుకుని పోయిన కుటుంబాలు ఎన్ని. పత్తి పండే సీమ మనుషులు ఇంకో సీమకు పత్తి తీయడానికి ఎందుకు పోతున్నారో విక్టోరియా 3 వలస సూత్రం కొంతవరకు చెబుతుంది, తాళం వేసిన ఇళ్ల గురించి చెప్పదు. ఆఖరి వరుస అదే: సుగ్గికి పోయిన ఇళ్లలో ఉగాదికి తలుపులు తెరిచినవి ఎన్ని. దాన్ని అంకెగా రాయాలా, పేర్లుగా రాయాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.